చేరింది 32 మంది, కాగితం మీద 19 మంది. మిగతా 13 మందిని మీ కాలేజీల్లో ఎక్కడ రాస్తారు?

తనయగట్టు (పర్లాకిమిడి) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

నేను ఒడిశాలో గజపతి జిల్లాలో ఒక చిన్న ప్లస్ త్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీని. హిస్టరీ చెప్తాను. మీరు డిగ్రీ అనేదాన్నే ఇక్కడ మేం ప్లస్ త్రీ అంటాం. ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా, ఫైళ్ళలో ఇంగ్లీషు. కొండ మీంచి దిగి వచ్చే సవర పిల్లలకైతే ఈ మూడూ పరాయి భాషలే. ఆరేళ్ళ సర్వీసు నాది. సర్వీసు అనకూడదేమో, పీరియడుకింత అని ఇస్తారు.

ఈ ఏడు, కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్‌కి పంపాల్సిన రిపోర్టులో రెండు ముక్కలు నా నెత్తిన పడ్డాయి. విద్యార్థులకి మనం ఏం సాయం చేస్తున్నాం అన్నది ఒకటి, చదువు ఎంతవరకు ఫలించింది అన్నది రెండోది. మొదటిది తేలిగ్గానే తెమిలింది. స్కాలర్‌షిప్పులు ఎందరికి, కెరీర్ గైడెన్స్ మీటింగులు ఎన్ని, పిల్లల బాగోగులు చూసే మెంటర్లు ఎంతమంది. ఫొటోలు పెట్టేశాను. రెండోదాని దగ్గర ఆగిపోయాను.

అందులో ఉత్తీర్ణత శాతం అని ఒక గడి. చివరి ఏడాది పరీక్ష రాసినవాళ్ళెందరు, వాళ్ళలో పాసైనవాళ్ళెందరు అని అడుగుతారు. మా హిస్టరీ ఆనర్స్‌లో 19 మంది రాస్తే 18 మంది పాసయ్యారు. 94.7 శాతం. ప్రిన్సిపాల్ సార్ ఛెనాపోడ స్వీటు తెప్పించి స్టాఫ్‌రూమ్‌లో అందరికీ పంచారు.

నేనే ఉండబట్టలేక బీరువాలోంచి అడ్మిషన్ రిజిస్టరు తీశాను. మూడేళ్ళ కిందట చేరింది 32 మంది. కొన్ని పేర్ల పక్కన ఎర్ర సిరాతో టీసీ అని ఉంది, కొన్నిటి పక్కన అదీ లేదు. మొత్తం 13 పేర్లు. చేరినవాళ్ళ లెక్కన చూస్తే మా ఫలితం 56 శాతం. రెండు అంకెలూ నిజమే. ఒకటి రిపోర్టులోకి వెళ్ళింది, ఇంకోటి బీరువాలో ఉంది.

తర్వాత ఓ వారం సాయంత్రాలు కూర్చుని ఆ 13 నంబర్లకీ ఫోన్ చేశాను. నాలుగు పని చెయ్యడం లేదు. ఇద్దరు అమ్మాయిలకి పెళ్ళిళ్ళయ్యాయి, ఒకామె పాతపట్నంలోనే ఉంది. ముగ్గురు పనులకి వెళ్ళారు, ఒకడు చెన్నై, ఒకడు కేరళ, ఒకడు హైదరాబాద్. ఒకడు ఐటీఐలో చేరాడు. ఒకడి తల్లికి మంచాన పడే జబ్బు.

చెన్నైలో ఉన్న కుర్రాడు ఫోన్ ఎత్తగానే వెనక ఏదో మిషను మోత. నా గొంతు గుర్తుపట్టి, "మేడమ్, ఫీజు బాకీ ఏమైనా ఉందా?" అన్నాడు. లేదురా, ఊరికే చేశానన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ఊరికేనా?" అని మళ్ళీ అడిగాడు.

ఒక సవర అమ్మాయి రెండో ఏడాదిలో ఏఎన్ఎం ట్రైనింగు సీటు వచ్చి వెళ్ళిపోయింది. రిజిస్టరు ప్రకారం ఆమె మానేసిన మనిషి. నన్నడిగితే ఆ 32 మందిలో అందరికంటే ముందు కుదురుకున్నది ఆమే.

ఇంక పదమూడోవాడు. మన తెలుగు పిల్లాడే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం కదా, వాడి ఆధార్‌లో అలాగే ఉంది, అదీ పొడి అక్షరంతో. ఒడిశా బోర్డు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంది. స్కాలర్‌షిప్ పోర్టల్‌కి ఇద్దరూ వేరువేరు మనుషులు! బ్యాంకుకి వెళ్తే ఆధార్ మార్చుకు రమ్మన్నారు, ఆధార్ సెంటర్లో సర్టిఫికెట్ మార్చుకు రమ్మన్నారు. ఒక ఏడాది డబ్బు అలా ఆగిపోయింది. ఏడాది ఆగాక వాడూ ఆగిపోయాడు. వాడి మెంటర్ని నేనే. మెంటర్ పుస్తకంలో ఆ నెల నేను రాసింది ఏమిటో తెలుసా? "విద్యార్థి సంతృప్తికరంగా ఉన్నాడు." సంతకం కూడా ఉంది.

నా ప్రశ్నలు. మానేసినవాళ్ళని మీ కాలేజీల్లో ఎవరైనా లెక్కేస్తున్నారా? మెంటర్ పద్ధతి సంతకాలకే కాకుండా నిజంగా నడిచే చోటు ఉందా? అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయట, పని చేసుకుంటూ చదివేవాళ్ళే ఎక్కువట. వాళ్ళు ఈ లెక్క ఎలా వేస్తారో తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తారా?

---

లెక్కల మాస్టారు (బరంపురం)

అమ్మా, నేను రిటైరై తొమ్మిదేళ్ళయింది. మా కాలేజీ క్వాలిటీ సెల్‌లో చాలాకాలం గుమాస్తాగిరీ చేశాను కనుక చెప్తున్నాను.

మీ ప్రిన్సిపాల్ని ఏమీ అనకు. ఆయన గడిలో అడిగిందే నింపాడు. న్యాక్ 1994లో వచ్చింది, బెంగళూరులో ఆఫీసు. మొత్తం ఏడు ప్రమాణాలు, ఐదోది అచ్చంగా విద్యార్థులకి ఆసరా, వాళ్ళ ముందుగతి గురించే. అందులో ఉద్యోగాలకెందరు వెళ్ళారు, పై చదువులకెందరు వెళ్ళారు అని అడుగుతారు. ఎవరిలోంచి? చదువు పూర్తిచేసి బయటికెళ్ళినవాళ్ళలోంచి. విద్యార్థుల సంతృప్తి సర్వే ఒకటి ఉంది, అదీ ఇప్పుడు చదువుతున్నవాళ్ళకే వెళ్తుంది. కోపం వచ్చి వెళ్ళిపోయినవాణ్ణి అడిగే గడి ఎక్కడా లేదు. భిన్నంలో లవం సరిగ్గానే వేస్తాం, హారం దగ్గరే మోసం. నలభై ఏళ్ళు పిల్లలకి ఇదే చెప్పాను, నా రిపోర్టుల్లో నేనూ ఇదే చేశాను.

ఒక దారి చెప్తాను. ఏడో ప్రమాణంలో మీ కాలేజీ మంచి పద్ధతులు రెండు రాయమంటారు. అందరూ మొక్కలు నాటడం, ప్లాస్టిక్ నిషేధం రాస్తారు. నువ్వు ఆ 13 ఫోన్ల సంగతి రాయి. చేరినవాళ్ళ లెక్కన ఫలితం ఇంత, మానేసినవాళ్ళు ఫలానా చోట్ల ఉన్నారు, దానికి మేం ఇది చేశాం అని. వచ్చే బృందం అదే ఎక్కువ సేపు చదువుతుంది. నా అనుభవంలో మొక్కల పేజీ ఎవరూ తిప్పి చూడలేదు.

ఇంకో మాట. 2020 విద్యా విధానంలో ఏడాదికి బయటికెళ్తే సర్టిఫికెట్, రెండేళ్ళకి డిప్లొమా అన్నారు. చదివినంతవరకు ఇచ్చే పాయింట్లని దాచే క్రెడిట్ల బ్యాంకు పెట్టి, దాచుకున్న క్రెడిట్లు ఏడేళ్ళు చెల్లుతాయన్నారు. కుర్రాడు తిరిగి రావడానికి నిజంగా ఇది మంచి వీలే. కానీ జాగ్రత్త, రేపటినుంచి మీ 13 మందీ మానేసినవాళ్ళు కారు, "ఎగ్జిట్" అయినవాళ్ళు. పేరు మార్చేస్తే రోగం నయమైనట్టే కాలేజీలకి.

సవర పిల్లల గురించి రాశావు. మీ ఊళ్ళో రాజావారి బళ్ళో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరలకి చదువు చెప్పాలంటే ముందు తనకి సవర రావాలని ఆ భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో వాళ్ళకి బళ్ళు పెట్టారు. మీ కాలేజీలో సవర వచ్చిన మాస్టారు ఎంతమంది? నా కాలేజీలో సున్నా.

---

నాగావళి (రాయగడ, ఇప్పుడు కాలిఫోర్నియా)

అక్కా, నేను రాయగడ పిల్లని. ఇక్కడ ఒక కమ్యూనిటీ కాలేజీలో కౌన్సెలర్ని, పదకొండేళ్ళుగా. పేరు రాయను, ఉద్యోగం ముఖ్యం.

అమెరికాలో ఇలాంటివి వెయ్యి దాకా ఉన్నాయి. ఇల్లినాయ్‌లో జోలియెట్ అనే ఊళ్ళో 1901లో పెట్టింది ఇప్పటికీ నడుస్తున్నవాటిలో పాతది. వీటి గుణం ఏమిటంటే, వచ్చినవాళ్ళని కాదనరు. మార్కులు చూసి గేటు దగ్గర ఆపరు. రెండేళ్ళ కోర్సు చేసి ఉద్యోగానికి వెళ్ళొచ్చు, లేదా యూనివర్సిటీలో మూడో ఏడాదికి వెళ్ళొచ్చు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో పాపని చంకనేసుకుని వచ్చే తల్లులున్నారు, రాత్రి గోడౌన్ డ్యూటీ చేసి పొద్దున క్లాసులో నిద్రపోయేవాళ్ళున్నారు.

మాస్టారు చెప్పిన హారం విషయంలో ఇక్కడ పద్ధతి వేరు. కేంద్ర ప్రభుత్వం అడిగే గ్రాడ్యుయేషన్ రేటు చేరినరోజునుంచే మొదలవుతుంది. ఫలానా ఏడాది చేరినవాళ్ళలో, రెండేళ్ళ కోర్సుని మూడేళ్ళలోపు ఎందరు ముగించారు అని. మధ్యలో మానేసినవాడు హారంలోంచి పోడు. అందుకే ఇక్కడి కాలేజీల అంకెలు చూస్తే మీ సార్ గుండె పట్టుకుంటారు. 30 శాతం అంటే ఇక్కడ తల దించుకోవాల్సిన పని లేదు.

అలాగని ఇదేదో గొప్ప అనుకోవద్దు. చాలాకాలం ఆ లెక్కలో మొదటిసారి కాలేజీకొచ్చి, పూర్తికాలం చదివేవాళ్ళే ఉండేవారు. మా దగ్గర పార్ట్ టైమ్ వాళ్ళే ఎక్కువ! సగానికి పైగా పిల్లలు ఆ లెక్కలోకే రారు. పెద్ద గొడవయ్యాక 2015-16 నుంచి ఇంకో సర్వే తెచ్చారు, పార్ట్ టైమ్ వాళ్ళనీ, వేరే కాలేజీనుంచి వచ్చినవాళ్ళనీ కలిపి ఎనిమిదేళ్ళ దాకా చూస్తారు. వేరే కాలేజీకి వెళ్ళినవాళ్ళకి విడిగా గడి ఉంది. మీ ఏఎన్ఎం అమ్మాయి ఇక్కడైతే అందులో పడేది.

లెక్క వేస్తే ఏం ఒరిగింది అంటారేమో. ఒకటి నా కళ్ళముందే మారింది. ఇదివరకు మేం చేరగానే ఒక పరీక్ష పెట్టి, లెక్కలు రాకపోతే కింది క్లాసుల్లో వేసేవాళ్ళం. ఒక మెట్టు, రెండు మెట్లు, ఒక్కోసారి మూడు మెట్లు కింద. ఆ మెట్లెక్కి అసలు కోర్సు దాకా వచ్చేవాళ్ళు తక్కువ. క్లాసువారీగా చూస్తే పాస్ శాతం బాగానే కనిపించేది, చేరినరోజునుంచి చూస్తేనే ఎక్కడ జారిపోతున్నారో తెలిసింది. 2017లో మా రాష్ట్రం చట్టం చేసింది, హైస్కూలు మార్కులు చూడాలి, నేరుగా అసలు కోర్సులో వెయ్యాలి, కావాలంటే పక్కన అదనపు గంటలు ఇవ్వాలి అని. అప్పట్లో స్టాఫ్ మీటింగుల్లో కుర్చీలు విరగలేదు, అంతే తక్కువ.

సాయం సంగతికి వస్తే న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ కాలేజీలు 2007లో మొదలెట్టిన ఏసాప్ అనే పథకం చూడండి. పూర్తికాలం చదవాలన్నది షరతు. బదులుగా మిగిలిన ఫీజు మాఫీ, పుస్తకాలు, బస్సుకీ రైలుకీ పాసు, కొద్దిమందిని మాత్రమే చూసుకునే ఒక సలహాదారు. పాసు తీసుకోవాలంటే ఆ సలహాదారుని కలవాలి. అక్కడుంది తెలివి! నిజంగా పనిచేసిందా అని చీటీలు వేసినట్టు పిల్లల్ని రెండు గుంపులు చేసి చూశారు. మూడేళ్ళలో డిగ్రీ చేతికొచ్చినవాళ్ళు మామూలు గుంపులో 22 శాతం, పథకంలో 40 శాతం. తర్వాత ఒహాయోలో మూడు కాలేజీల్లో పెడితే అక్కడా ఇంచుమించు అలాగే వచ్చింది.

మా కాలేజీలో అంత డబ్బు లేదు. మూడో వారానికి ఎవరు రావడం లేదో లెక్చరర్లు కంప్యూటర్లో ఒక టిక్కు పెడతారు, ఆ పేరు నా దగ్గరికి వస్తుంది, నేను ఫోన్ చేస్తాను. మీరు మూడేళ్ళ తర్వాత చేసిన ఫోనే అది. నెలలోపు చేస్తే సగం మంది వెనక్కి వస్తారని చెప్పను, కానీ ఎత్తుతారు.

---

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ)

మేడమ్, నేను లెక్చరర్ని కాదు. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాలో ఒక కాలేజీ ఆఫీసులో క్లర్కుని. మాది గోండ్వానా యూనివర్సిటీ కింద వస్తుంది, 2011లో పెట్టారు, అంతకుముందు నాగపూర్ పోవాల్సి వచ్చేది. ఇక్కడ కూడా ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. లోపలి ఊర్ల పిల్లలకి మాడియా.

మీ పిల్లాడి పేరు కథ చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మహాడీబీటీ స్కాలర్‌షిప్ పోర్టల్లో మాకు రోజూ ఇదే. మరాఠీ వాళ్ళ పద్ధతిలో ముందు పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మన తెలుగు వాళ్ళ కాగితాల్లో అంతా తలకిందులు. నేను ఇప్పుడు అడ్మిషన్ రోజే ఆధారు, పదో తరగతి సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టిస్తున్నా. మూడింట్లో పేరు ఒకేలా లేకపోతే పేరు మీద పెన్సిల్‌తో సున్నా చుడతా. జూన్‌లో సున్నా చుడితే దీపావళికి సరిచేయించొచ్చు. స్కాలర్‌షిప్ ఆగాక మొదలెడితే పిల్లలే ఉండరు.

ఫోన్లు పని చెయ్యడం లేదన్నారు. పిల్లల నంబరు ఆరు నెలలకోసారి మారుతుంది, రీఛార్జి ఆఫర్ ఎక్కడుంటే అటు పోతారు. నేను వాళ్ళ ఊరి కిరాణా కొట్టు నంబరు కూడా రాయించుకుంటా. కొట్టు ఎక్కడికీ పోదు, ఎవరి కొడుకు ఎక్కడున్నాడో కొట్టువాడికి తెలియకుండా ఉండదు.

ఇంకోటి. మా దగ్గర ఫిబ్రవరిలో క్లాసులు ఖాళీ. నది దాటి తెలంగాణలో మిరప కోతలకి పోతారు, ఇంటిల్లిపాదీ. హాజరు పుస్తకంలో అది "గైర్హాజరు". మా ప్రిన్సిపాల్‌కి చెప్పి ఇంటర్నల్ టెస్టు జనవరికి జరిపించాను. ఇది ఏ గడిలో రాయాలో నాకు తెలీదు, రాయలేదు.

---

మానేసినవాణ్ణి (గుణుపురం, ఇప్పుడు హైదరాబాద్)

మేడమ్, నేను మీ 13 మందిలో లేను. వేరే కాలేజీ, నాదీ అదే కథ. సైన్స్ తీసుకున్నా. ల్యాబ్ నాలుగింటిదాకా, మా ఊరికి ఆఖరి బస్సు మూడున్నరకి. మొదటి ఏడాది సగం ల్యాబులు ఎగ్గొట్టా. రికార్డు పూర్తికాలేదు, ప్రాక్టికల్స్‌లో పోయింది. ఏడాది చివర ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు. ఉపాధ్యాయుడు స్పష్టంగా బోధిస్తున్నాడా, ఒకటి నుంచి ఐదు వరకు మార్కు వెయ్యండి అని. ఆయన బాగానే చెప్తాడు, ఐదు వేశా. బస్సు గురించి అడగలేదు.

నాకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. చేసినా వచ్చేవాణ్ణేమో చెప్పలేను. కానీ మీరు "ఊరికే" అన్న ముక్క దగ్గర నేనూ కాసేపు ఆగాను.

---

తనయగట్టు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. రెండు వారాల తర్వాత రాస్తున్నాను, మధ్యలో ఇన్విజిలేషన్.

మాస్టారూ, సవర వచ్చినవాళ్ళు మా దగ్గరా సున్నాయే. ఆఫీసు అటెండర్‌కి వచ్చు. కొండ పిల్లలు ఏదైనా కావాలంటే మా దగ్గరికి రారు, ఆయన దగ్గరికే వెళ్తారు. అసలు మెంటర్ ఎవరో అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఆయన పేరు మెంటర్ల లిస్టులో పెడదామన్నాను. "అటెండర్ని ఎలా పెడతామమ్మా" అన్నారు సార్. ఇంకా తేలలేదు.

రిపోర్టులో రెండో పట్టీ మాత్రం పెట్టాను. చేరినవాళ్ళ లెక్కన 56 శాతం, కింద 13 మంది ఎక్కడున్నారో పేర్లు లేకుండా. సార్ అరగంట చూశారు. తీసెయ్యమంటారనుకున్నాను. కళ్ళజోడు తుడుచుకుని, "మిగతా డిపార్టుమెంట్లవి కూడా తియ్యి, మనదొక్కటే ఉంటే మనమే చెడ్డవాళ్ళం అనుకుంటారు" అన్నారు. కెమిస్ట్రీ వాళ్ళు నాతో మాట్లాడ్డం మానేశారు.

నాగావళీ, మూడో వారం ఫోన్ సంగతి ఈ జులైనుంచి మొదలెడతాను. జులైలో మాకు నాట్లు, ఆ మూడో వారం ఎలాగూ ఎవరూ రారు. నాలుగో వారం పెట్టుకుంటాను.

గుణుపురం తమ్ముడూ, మా ఫీడ్‌బ్యాక్ ఫారం చివర చేత్తో ఒక ప్రశ్న రాసి జెరాక్స్ తీయించాను: మీ ఆఖరి బస్సు ఎన్నింటికి? నీ రికార్డు పుస్తకం ఉంటే పారెయ్యకు, క్రెడిట్ల సంగతి కనుక్కుని చెప్తాను.

సిరొంచ అన్నయ్యా, మీ పెన్సిల్ సున్నా పద్ధతి ఎత్తుకుపోయాను. మా పదమూడోవాడి ఆధార్ కోసం సర్టిఫికెట్ కాపీలు పట్టుకుని వాడూ నేనూ మొన్న శనివారం లైన్లో నుంచున్నాం. రసీదు ఇచ్చారు, కొన్నాళ్ళు పడుతుందట. బ్యాక్ పేపర్లు రాస్తావా అంటే, ముందు పేరు రానివ్వండి మేడమ్ అన్నాడు.

పాతపట్నంలో ఉన్న అమ్మాయి అత్తగారు ఫోన్ ఎత్తి, కోడలు చదువుకుంటానంటే మాకేం అభ్యంతరం, మీరొచ్చి మాట్లాడండి అంది. స్కూటీ మీద పావుగంట. ఆదివారం వెళ్తున్నాను, ఫారం తీసుకునే వెళ్తాను.